నాన్నగారు ఐసీయూ నుంచి ఇంటికొచ్చారు, ఇప్పుడు ఇమ్యూనిటీ ఎలా పెంచాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 61 ఏళ్లు, రొయ్యల చెరువులు చేస్తారు. 14 ఏళ్లుగా షుగర్ ఉంది. చెరువులో దిగినప్పుడు పాదానికి ఏదో గుచ్చుకుని, చీము పట్టి, ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలే దెబ్బతినే సెప్సిస్ దాకా వెళ్లింది. 19 రోజులు ఆస్పత్రిలో ఉన్నారు, అందులో 6 రోజులు వెంటిలేటర్ మీద. ఇంటికి తెచ్చి పది రోజులైంది. యూరిన్ పైపు ఇంకా ఉంది, కాలి పుండుకి రోజూ కట్టు కడుతున్నాం. ‘ఇమ్యూనిటీ బాగా పడిపోయింది, మళ్లీ ఇన్ఫెక్షన్ వస్తే తట్టుకోలేరు’ అంటున్నారు అందరూ. ఒకరు ఇమ్యూనిటీ ఇంజెక్షన్ల కోర్సు చేయించమంటున్నారు, ఇంకొకరు తిప్పతీగ కషాయం అంటున్నారు, అమ్మేమో పథ్యం పెడుతోంది. ఏది చేయాలి? ఆయన్ని చెరువు మీదకి ఎప్పుడు పంపొచ్చు?

సమాధానం:

అమ్మా, మీరు రాసిందంతా చదివాక నా చూపు ఆగింది ‘యూరిన్ పైపు ఇంకా ఉంది’ అన్న ముక్క దగ్గర. ఇమ్యూనిటీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ పైపు ఎందుకు ఉందో రేపు పొద్దున్నే మీ డాక్టరుగారికి ఫోన్ చేసి అడగండి. ప్రోస్టేట్ అడ్డం ఉందనో, మూత్రం ఆగిపోతోందనో కారణం చెబితే సరే. ‘ఐసీయూలో వేశారు, అలా ఉండిపోయింది’ అన్నదే జవాబైతే అది వెంటనే తీయించాల్సిన పైపు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనే చేశాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, కోనసీమలో లంక ఊరి నుంచి వచ్చిన కొబ్బరి దింపు మనిషి ఒకాయన న్యుమోనియాతో సెప్సిస్‌లోకి వెళ్లి, దేవుడి దయ వల్ల బయటపడ్డాడు. ఇంటికి పంపేటప్పుడు మందులన్నీ రాశాను కానీ, పైపు ఎప్పుడు తీయాలో రాయలేదు. పదకొండో రోజున చలితో వణికిపోతూ మళ్లీ వచ్చాడు. ఈసారి ఇన్ఫెక్షన్ మూత్రంలో నుంచి. వాళ్లావిడని అడిగితే తెలిసింది, ఆటోలో కుదుపులకి బ్యాగు కింద పడుతుందని దాన్ని ఆయన ఒళ్లో పెట్టి తీసుకెళ్లారట. ఇంటి దగ్గర కూడా మంచం మీద, పొట్ట పక్కనే పెట్టేవారట, నేల మీద పెడితే పిల్లి లాగుతోందని. బ్యాగు మూత్రాశయం కన్నా ఎత్తులో ఉంటే అందులో నిలవున్న మూత్రం వెనక్కి లోపలికి పోతుంది. ఈ ఒక్క మాట నేను ఆమెకి చెప్పలేదు. మనిషి దక్కాడు గానీ కొన్ని వారాలు డయాలసిస్ చేయాల్సి వచ్చింది.

పైపు ఉండి తీరాల్సిందే అయితే బ్యాగుని మంచం పట్టెకి, నడుము కన్నా కిందగా, నేలకి తగలకుండా కట్టండి. పైపు మెలిపడకూడదు. పైపునీ బ్యాగునీ కలిపే చోట ఊరికే ఊడదీయకూడదు. కింద తూము తిప్పి ఖాళీ చేసే ముందూ తర్వాతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పైపు బయటికొచ్చే చోట రోజూ మామూలు సబ్బు నీళ్లతో కడిగితే చాలు, డెట్టాల్ పోయక్కర్లేదు. మూత్రం మసకబారిందనో వాసన వచ్చిందనో జ్వరం, మత్తు లాంటి మార్పులేవీ లేకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు. పైపు ఉన్నవాళ్ల మూత్రంలో కొన్నాళ్లకి క్రిములు ఎలాగూ కనిపిస్తాయి, అవన్నీ జబ్బు కాదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ఇమ్యూనిటీ పడిపోయిందన్న మాట నిజమే, ఎవరో బెదిరించడానికి చెప్పింది కాదు. సెప్సిస్‌లో ముందు ఒంట్లోని రక్షణ వ్యవస్థ అదుపు తప్పి రేగిపోతుంది. ఆ రేగడంలో క్రిములతోపాటు మన సొంత కిడ్నీలూ, ఊపిరితిత్తులూ దెబ్బతింటాయి. ఆ మంట చల్లారేసరికి, కొన్నిసార్లు మంట ఆరకముందే, లింఫోసైట్లనే తెల్లకణాలు గుంపులు గుంపులుగా చచ్చిపోయి ఉంటాయి. మిగిలినవి బతికే ఉన్నా పని చేయవు, క్రిమి ఎదురుపడ్డా కదలవు. 2011లో అమెరికాలోని సెయింట్ లూయిస్ డాక్టర్లు సెప్సిస్‌తో చనిపోయిన 40 మంది ప్లీహం, ఊపిరితిత్తుల కణాలని చనిపోయిన కాసేపటికే తీసి పరీక్షించారు. వాటిని ఎంత రెచ్చగొట్టినా, సెప్సిస్ లేనివాళ్ల కణాలు విడుదల చేసే రసాయనాల్లో చాలా తక్కువ భాగమే విడుదల చేశాయి. ఇలాంటప్పుడే ఒంట్లో ఎప్పటినుంచో పడుకుని ఉన్న హెర్పిస్ లాంటి వైరస్‌లు కూడా లేచి కూర్చుంటాయి. మామూలుగా మనల్ని ఏమీ చేయని కాండిడా ఫంగస్ రక్తంలోకి దిగుతుంది.

మన గోదావరి గట్టునే చూడండి. వరద తీశాక, గండి పూడ్చాక కూడా ఆ గట్టు లోపల నానిపోయే ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది, కానీ తర్వాత వచ్చే చిన్న వరదకే కారడం మొదలవుతుంది. అందుకే ఆ ఏడాదంతా ఊళ్లోవాళ్లు ఆ చోటు మీద ఒక కన్నేసి ఉంచుతారు. అమెరికా లెక్కల్లో సెప్సిస్ నుంచి బతికి ఇంటికెళ్లినవాళ్లలో ఇంచుమించు 40 శాతం మంది 90 రోజుల్లోపు మళ్లీ ఆస్పత్రిలో చేరారు, అందులో చాలామంది ఇంకో ఇన్ఫెక్షన్‌తోనే. మీ నాన్నగారికి ఆ 90 రోజుల్లో పది అయిపోయాయి. మిగతా ఎనభై రోజులు జాగ్రత్తగా ఉంటే, ఆ తర్వాత ఒళ్లు తన దారిన తాను చాలావరకు కోలుకుంటుంది. కొందరికి ఏడాది కూడా పడుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

మరి ఇంజెక్షన్లు? ఈ పడిపోయిన కణాలని మందుతో లేపాలని ఇరవై ఏళ్లుగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. ఇంటర్‌ల్యూకిన్ 7 అనే మందు ఇస్తే లింఫోసైట్లు మూడు నాలుగు రెట్లు పెరిగాయని 2018లో ఒక పరీక్షలో తేలింది. అయితే అందులో ఉన్నది 27 మందే, అదీ ఐసీయూలో. కణాల సంఖ్య పెరగడం వేరు, మనిషి బతకడం వేరు. మీకు బహుశా ఎవరో చెబుతున్నది థైమోసిన్ ఆల్ఫా 1 ఇంజెక్షన్ అయి ఉంటుంది, మన దగ్గర అది దొరుకుతుంది. దాన్ని చైనాలో 1106 మంది సెప్సిస్ రోగుల మీద పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. ఇంజెక్షన్ వేసినవాళ్లకీ, మందు లేని ఉత్తి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లకీ 28 రోజుల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు, అంటే ఇమ్యునోగ్లోబులిన్ బాటిళ్లు ఇంకా ఖరీదు. 2021 అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు వాటిని వద్దనే సూచించాయి. విటమిన్ సి నరంలోకి ఎక్కించే సంగతి ఇంకా ఘోరం: 2022లో కెనడా డాక్టర్లు ముందుండి చేసిన పరీక్షలో, అది ఇచ్చినవాళ్లకే చావు గానీ అవయవాలు కోలుకోకపోవడం గానీ ఎక్కువ కనిపించింది. ఈ పరీక్షలన్నీ ఐసీయూలో ఉన్నవాళ్ల మీద చేసినవి. ఇంటికొచ్చి కోలుకుంటున్న మనిషికి ఈ కోర్సులు మేలు చేస్తాయని చూపించిన మంచి పరీక్ష నాకు ఒక్కటీ కనబడలేదు. ఆ డబ్బుతో గ్లూకోమీటరు స్ట్రిప్పులు, గుడ్లు, ఒక మంచి చెప్పుల జత కొనండి.

తిప్పతీగ గురించి మొహమాటం లేకుండా చెబుతాను, వద్దు. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని దాన్ని తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. మీ నాన్నగారి కాలేయం, కిడ్నీ ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాయి. పైగా ఈ ‘ఇమ్యూనిటీ పొడుల’ పేరుతో అమ్మే కొన్నింట్లో స్టెరాయిడ్ కలుపుతారు. తినగానే ఆకలి వేస్తుంది, ఒళ్లు నొప్పులు తగ్గుతాయి, మొహం కాస్త నిండుతుంది, అబ్బా ఎంత బాగా పనిచేస్తోందో అనుకుంటాం. లోపల మాత్రం షుగర్ ఎగబాకుతుంది, మిగిలిన కాస్త ఇమ్యూనిటీ కూడా అణిగిపోతుంది. ఇప్పటికే అలాంటిది వారాల తరబడి వాడి ఉంటే డాక్టరుకి చెప్పండి, చెప్పకుండా ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే.

ఇప్పుడు అమ్మగారి పథ్యం. ఆవిడ ప్రేమని నేను తక్కువ చేయడం లేదు, మా ఇంట్లోనూ ఇదే గొడవ. గుడ్డు వేడి, చేప తింటే పుండు చీము పడుతుంది, పప్పు తిన్నా చీమే, పెరుగు కఫం, వంకాయ దురద. ఇవన్నీ తీసేస్తే కంచంలో మిగిలేది చారు, అన్నం, పొట్లకాయ కూర. ఒకరోజు అజీర్తి చేస్తే లంఖణం పరమౌషధం కావచ్చు. పంతొమ్మిది రోజులు ఆస్పత్రిలో పడుకుని, కండంతా కరిగిపోయి వచ్చిన మనిషికి కాదు. కొత్త తెల్లకణం తయారవ్వాలన్నా, కాలి పుండు మూతపడాలన్నా, దగ్గి కఫం బయటికి తెచ్చేంత బలం ఛాతీకి రావాలన్నా మాంసకృత్తులు కావాలి. మీ నాన్నగారి బరువు 65 కిలోలనుకుందాం. రోజుకి 80 నుంచి 95 గ్రాముల దాకా మాంసకృత్తులు అవసరం. మూడు గుడ్లు 18 గ్రాములు. నూట యాభై గ్రాముల చేప 28 దాకా ఇస్తుంది. కొరమేనే కావాలని వెతకక్కర్లేదు, శీలావతి అయినా బొచ్చె అయినా అంతే బలం. మీ చెరువు రొయ్యలైనా బాగా ఉడికించి పెట్టొచ్చు. రెండు గిన్నెల ముద్దపప్పు 15, రెండు గ్లాసుల పాలు 16, గిన్నెడు పెరుగు 6 లేదా 7. మొత్తం ఇక్కడికే 80 దాటింది. చేప తింటే చీము పట్టదు. చీము పట్టేది షుగర్ వల్ల, మురికి కట్టు వల్ల.

ఒకేసారి ఇంత తినలేరు. ఐసీయూ నుంచి వచ్చినవాళ్లకి నోరు రుచి ఉండదు, రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంది. అందుకని ఆరుసార్లు పెట్టండి, కొంచెం కొంచెం. రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇంకా ఎక్కువగా ఉంటే మాత్రం ఎంత మాంసకృత్తులో డాక్టరుని అడిగే పెట్టండి. అలాగే పరామర్శకి వచ్చే ప్రతివాళ్లూ తెచ్చే కొబ్బరి బొండాల విషయం. కిడ్నీ పూర్తిగా బాగుపడకపోతే అందులోని పొటాషియం గుండె లయని దెబ్బతీస్తుంది. రక్త పరీక్ష చూసేదాకా ఆ గెలని పిల్లలకి ఇచ్చేయండి.

పరామర్శ అన్నాను కాబట్టి దాన్నీ తేల్చేస్తాను. మన వైపు మనిషి ఆస్పత్రి నుంచి వచ్చాడంటే ఊరు ఊరంతా వచ్చి మంచం చుట్టూ కూర్చుంటుంది. రాకపోతే తప్పు, రానివ్వకపోతే ఇంకా తప్పు. నేనైతే మా పేషెంట్ల ఇళ్లలో ఒక ఉపాయం చెబుతుంటాను: కుర్చీలు వరండాలో వేయండి, నాన్నగారు లోపల కిటికీ దగ్గర కూర్చుని పలకరిస్తారు. జలుబు ఉన్నవాళ్లు, పసిపిల్లలకి జ్వరం ఉన్న ఇంటివాళ్లు ఫోన్‌లో పలకరిస్తే చాలు. ‘డాక్టరుగారు తిడతారండి’ అని నా మీదకి తోసేయండి, మాకు అలవాటే. ఆయన్ని తాకేవాళ్లు, కట్టు కట్టేవాళ్లు చేతులు కడుక్కోవడం మాత్రం మొహమాటపడకుండా అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని చాలామంది డాక్టర్లు కూడా ఇంటివాళ్లకి విడమరచి చెప్పరు. ‘మళ్లీ ఇన్ఫెక్షన్’ అన్నది ఎప్పుడూ కొత్త ఇన్ఫెక్షనే కానక్కర్లేదు. పాతది పూర్తిగా పోకపోయి ఉండొచ్చు. అందుకే డిశ్చార్జ్ సమ్మరీలో కల్చర్ రిపోర్టు ఉందో లేదో చూడండి. రక్తంలో గానీ చీములో గానీ ఏ క్రిమి పెరిగింది, ఏ మందుకి లొంగింది అన్నది అందులో ఉంటుంది. లేకపోతే ల్యాబు నుంచి కాపీ తెచ్చుకుని, ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టుకోండి. మళ్లీ జ్వరం వస్తే రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరుకి ఆ ఒక్క కాగితం పది పరీక్షలంత సాయం చేస్తుంది.

డెల్టాలో, అదీ చెరువు నీళ్లలో, బురదలో పనిచేసే షుగర్ మనిషి విషయంలో నేను రెండు పేర్లు ప్రత్యేకంగా వెతుకుతాను. ఒకటి విబ్రియో జాతి క్రిమి. ఉప్పు కలిసిన వెచ్చటి నీళ్లలో ఉంటుంది, గాయంలోకి దిగితే ఒక్క రోజులోనే కాలు బొబ్బలెక్కి నల్లబడుతుంది. కాలేయం బాగాలేనివాళ్లకి, తాగేవాళ్లకి ఇంకా ప్రమాదం. రెండోది మెలియాయిడోసిస్. మట్టిలో, వరి చేలల్లో, నిలవ నీళ్లలో ఉండే క్రిమి వల్ల వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది. అలవాటు లేని ల్యాబుల్లో దాన్ని సూడోమోనాస్ అనే వేరే క్రిమి అనుకుని రాసేస్తుంటారు. దీనికి కనీసం పది పద్నాలుగు రోజుల ఇంజెక్షన్ల తర్వాత కూడా మూడు నెలల పాటు మాత్రలు వేసుకోవాలి. జ్వరం తగ్గింది కదా అని నెలకే మానేస్తే తిరగబెడుతుంది, దాన్ని చూసి ఇమ్యూనిటీ లేదని అనుకుంటాం. మీ నాన్నగారికి ఇదే అని నేను అనడం లేదు. రిపోర్టులో ఈ పేరు గానీ, ‘సూడోమోనాస్ జాతి’ అని అసంపూర్తిగా గానీ ఉంటే, డాక్టరుగారిని ఈ ప్రశ్న అడగమంటున్నాను.

కాలి పుండు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. క్రిములకి అదే పెద్ద గుమ్మం. కట్టు మార్చేటప్పుడు రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీయండి, వారానికోసారి పక్కపక్కన పెట్టి చూస్తే పెరుగుతోందో తగ్గుతోందో మీకే తెలుస్తుంది. ఆ పాదం మీద బరువు వేయకూడదు. ఎంత మంచి మందు రాసినా, పుండు మీద నడుస్తుంటే అది మానదు. పుండు అడుగున ఎముక తగిలినట్టున్నా, పాదం చల్లగా ఉన్నా, వేలు నల్లబడినా కట్టుతో కాలక్షేపం చేయకండి. సర్జన్‌కి చూపించి, కాలికి రక్తం సరిగ్గా అందుతోందో పరీక్ష చేయించండి. రెండో పాదాన్ని కూడా రోజూ రాత్రి చూడండి, వేళ్ల సందుల్లో, మడమ పగుళ్లలో. ఆయనకి స్పర్శ తెలియకపోవచ్చు, మీ కళ్లే ఆయనకి స్పర్శ.

షుగర్ గురించి అందరూ చెప్పేదే, 250 దాటి ఉన్నంతకాలం తెల్లకణాలు సరిగ్గా పనిచేయవు. పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు ఉండేలా చూసుకోవడం మామూలు లక్ష్యం. కానీ అందరూ చెప్పనిది ఒకటుంది. ఇన్ఫెక్షన్ మంట మీద ఉన్నప్పుడు రాసిన ఇన్సులిన్ డోసు, ఇన్ఫెక్షన్ తగ్గాక ఎక్కువైపోతుంది. మూడో వారంలో తెల్లవారుజామున చెమటలు పట్టి, మాట తడబడితే ముందు షుగర్ చూడండి, 70 లోపు ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రోజూ నాలుగుసార్లు చూసి కాగితం మీద రాసి, వారానికోసారి డోసు సరిచేయించుకోండి. ఐసీయూలో రక్తం ఎక్కించి ఉంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మూడు నెలల దాకా తప్పుడు లెక్క చూపించొచ్చు, దాన్ని నమ్ముకోవద్దు.

వెంటిలేటర్ గొట్టం ఆరు రోజులున్న గొంతు మింగడం కొంచెం మరిచిపోతుంది. నీళ్లు తాగినప్పుడు దగ్గు వస్తోందా, తిన్నాక గొంతు బుడబుడలాడుతోందా గమనించండి. అలా ఉంటే నీళ్లు, ముద్ద ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నాయన్నమాట, రెండో న్యుమోనియాకి అదే దారి. కూర్చోబెట్టే తినిపించాలి, తిన్నాక అరగంట వాల్చకూడదు. రోజుకి రెండుసార్లు పళ్లు తోమించాలి, కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి కడగాలి. నోట్లో మురికి క్రిములే ఊపిరితిత్తుల్లోకి వెళతాయి. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఉంటుందని మొదట నేనూ నమ్మలేదు. ఇక కదిలించడం. పుండున్న కాలు మోపకుండా, మంచం అంచున కూర్చోబెట్టి, చేతులతో, రెండో కాలుతో వ్యాయామం, ఊపిరి గట్టిగా పీల్చి వదలడం, రోజుకి నాలుగుసార్లు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, నడుము కింద ఎర్రబడిందేమో చూడండి. పడక పుండు పడిందంటే క్రిములకి ఇంకో గుమ్మం తెరిచినట్టే.

తాగే నీళ్లు మీ ఊళ్లో మంచినీళ్ల చెరువు నుంచే వస్తుంటాయనుకుంటా. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు, వరద నీళ్లు కలిసినప్పుడు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. క్యాన్ నీళ్లు అన్నీ శుద్ధమని నమ్మకం పెట్టుకోకండి, ఆ క్యాన్ లోపల ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు.

టీకాలు మాత్రం నిజంగా ఇమ్యూనిటీ పెంచేవి, విచిత్రంగా వాటి గురించే ఎవరూ అడగరు. జ్వరం లేకుండా, ఒళ్లు కాస్త నిలదొక్కుకున్నాక, మీ డాక్టరు సరే అన్నప్పుడు ఫ్లూ టీకా వేయించండి. మన వైపు వానాకాలంలో ఫ్లూ ఎక్కువ కాబట్టి ఏటా వానలు మొదలయ్యేలోపు వేయించుకుంటే మంచిది. న్యుమోనియాకి న్యుమోకోకల్ టీకా: పీసీవీ13 వేస్తే ఏడాది తర్వాత పీపీఎస్‌వీ23 కూడా వేయించాలి, పీసీవీ20 అయితే ఒక్కటే చాలు. మూడోది సర్పికి వేసేది, షింగ్రిక్స్, రెండు డోసులు. ఖరీదు ఎక్కువ, మొదటి రెండూ అయ్యాక ఆలోచించండి. ధనుర్వాతం టీకా ఆస్పత్రిలో వేశారో లేదో సమ్మరీలో చూడండి. ఇప్పుడు ఒళ్లు బలహీనంగా ఉంది కాబట్టి టీకా కొంచెం తక్కువగా పట్టొచ్చు, అయినా వేయించడమే మేలు.

మళ్లీ చలి పెడితే ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఒక ఇంజెక్షన్ వేయించి ‘రేపటిదాకా చూద్దాం’ అనుకోవద్దు. ఆయన చెడ్డవాడని కాదు, రాత్రి పూట పలికేది ఆయనొక్కడే, నాకు తెలుసు. కానీ ఆ ఒక్క ఇంజెక్షన్ జ్వరాన్ని కప్పేస్తుంది, కల్చర్‌లో క్రిమి పెరగకుండా చేస్తుంది, మనకి పన్నెండు గంటలు పోతాయి. సెప్సిస్ షాక్‌లో ఉన్న మనిషికి యాంటీబయాటిక్ గంటలోపు పడాలంటాం, పన్నెండు గంటలంటే ఏమవుతుందో ఆలోచించండి. ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ కూడా వేయొద్దు. అది పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని తుడిచేసి మొండి క్రిములకి చోటిస్తుంది. ఆ మంచి బ్యాక్టీరియా కోసం ఇంట్లో తోడుపెట్టిన పెరుగు చాలు.

ఏం చూసి పరిగెత్తాలి? మొదటిది మనిషి తీరు మారడం. నిన్న పేకాట గురించి మాట్లాడినాయన ఇవాళ మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా ఆగొద్దు, షుగర్ చూసి బయల్దేరండి. నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టండి, 22 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మంచిది కాదు. పై బీపీ 100 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం బొత్తిగా రాకపోయినా, చేతులు కాళ్లు చల్లబడి చర్మం మచ్చలు మచ్చలుగా మారినా అంతే. జ్వరం కోసం ఎదురుచూడొద్దు. వయసు మళ్లినవాళ్లకి, షుగర్ వాళ్లకి జ్వరం రాకుండానే సెప్సిస్ వస్తుంది, కొందరికి ఒళ్లు మామూలు కన్నా చల్లబడుతుంది. 108కి ఫోన్ చేసినప్పుడు ‘నెల క్రితం సెప్సిస్ వచ్చిన మనిషి’ అని మొదటి వాక్యంలోనే చెప్పండి. ఏ ఆస్పత్రికి వెళ్లాలో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. మీది లంక ఊరు కాదు, అర్ధరాత్రి గోదావరి దాటించే పంటు కోసం ఎదురుచూసే బాధ లేదు, అది మీ అదృష్టం.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే క్షయ పరీక్ష చేయించండి. ఆయన రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, చిన్న విషయానికి ఏడుస్తున్నా, జుట్టు ఊడుతున్నా అది కూడా ఈ జబ్బు తాలూకుదే, పిచ్చి కాదు. చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది. నిద్ర మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఇవ్వకండి, మత్తులో మింగడం ఇంకా చెడుతుంది.

చెరువు సంగతి. పుండు పూర్తిగా మూతపడి, దాని మీద కొత్త చర్మం వచ్చి రెండు వారాలు గడిచేదాకా నీళ్లలో దిగడం లేదు, ఒట్టి కాళ్లతో గట్టు ఎక్కడమూ లేదు. ఈలోపు ఆయన ఇంట్లో ఉండలేరని నాకు తెలుసు. చెరువు నీళ్లకి గాలి ఆడించే ఏరియేటర్ ఆగిపోతే ఆక్సిజన్ పడిపోతుందేమోనని రాత్రంతా టెన్షన్ పడే మనుషులు మీరంతా. పైపు తీసేసి, కర్రల సాయంతో ఆ పాదం మోపకుండా నిలబడగలిగాక, సాయంత్రం పూట గంటసేపు బండి మీద తీసుకెళ్లి గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఇంకొకరు తీసి ఆయన కళ్ల ముందు పెట్టాలి, ఆయన చేయి పెట్టకూడదు, రొయ్య ముల్లు గుచ్చుకున్నా మళ్లీ మొదటికొస్తుంది. రొయ్యలు పట్టే రోజున, అదే పట్టుబడి రోజున అసలు తీసుకెళ్లొద్దు, ఆ హడావుడిలో ఎవరి మాటా వినరు. ఆ తర్వాత నీళ్లలో దిగినప్పుడల్లా మోకాలి దాకా రబ్బరు బూట్లు వేసుకోవాలి. వేసుకునే ముందు తలకిందులుగా దులిపి, లోపల చేయి పెట్టి రాయో పుల్లో ఉందేమో చూడాలి. ఇంటికొచ్చాక కాళ్లు మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, వెలుతురులో మీరే ఒకసారి చూడండి.